సముద్రం నుంచి తిరిగొచ్చే స్టీల్‌హెడ్: హేచరీలో పట్టడం, గుడ్లు తీయడం. చూసినవాళ్ళు, చేసినవాళ్ళు రాయండి

కొల్లేటి గట్టు:

అందరికీ నమస్కారం. కైకలూరు దగ్గర ముప్పై రెండేళ్ళు కార్పు హేచరీ, అంటే బొచ్చె, రోహు గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే కేంద్రం, నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఈ చలికాలం కాలిఫోర్నియాలో, ఫోల్సమ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఇక్కడికి దగ్గర్లోనే నింబస్ హేచరీ ఉంది. వచ్చిన వారంలోనే అల్లుడు తీసుకెళ్ళి చూపించాడు. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

అమెరికన్ నది మీద ఫోల్సమ్ డ్యామ్, దానికి దిగువన నింబస్ డ్యామ్ కట్టారు. దాంతో సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే చేపలకు పైన గుడ్లు పెట్టుకునే తావులు అందకుండా పోయాయి. అందుకు బదులుగా 1955లో ఈ హేచరీ పెట్టారు. నవంబర్లో చినూక్ సాల్మన్ ఎక్కుతాయి. వాటి పని తగ్గాక, డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా స్టీల్‌హెడ్ వంతు.

నేను వెళ్ళిన రోజు మంచు దట్టంగా పట్టింది, నది కనిపించలేదు, నీళ్ళ చప్పుడు ఒక్కటే. చేపల కోసం కట్టిన మెట్లున్నాయి. పైనుంచి నీళ్ళు ఒక్కో మెట్టు మీదుగా దూకుతుంటాయి, చేప కింద నుంచి ఒక్కో మెట్టూ ఎగిరి ఎక్కుతుంది. వలతో పట్టేవాళ్ళు ఎవరూ లేరు. చేప తనంతట తానే ఎక్కి, చివర ఉన్న తొట్టిలోకి వచ్చి నిలబడుతుంది. అక్కడ జాలి తలుపును మెల్లగా జరిపి, వాటిని ఒక పక్కకు చేర్చి, బుట్టతో మత్తు నీళ్ళలోకి దించుతారు.

ఇక నేను కన్నార్పకుండా చూసింది ఆ తర్వాత పని. ఒకమ్మాయి, మహా అయితే పాతికేళ్ళుంటాయి, మత్తులో ఉన్న ఆడచేపను తోక దగ్గర పట్టుకుని, పొట్ట మీద రెండు వేళ్ళతో మెల్లగా రాసింది. తల ఊపి, పక్కన ఉన్న గొట్టంలోంచి నీళ్ళలోకి జార్చేసింది. తర్వాతి చేపనూ అంతే. అలా వరుసగా ఆరు. ఏడో చేప పొట్ట తాకగానే మొహం మారింది. గుడ్డు వదులయిందన్నమాట. ఆ వేళ్ళు నావే అనిపించింది, ఎన్ని వేల తల్లిచేపల పొట్టలు అలా తడిమి చూశానో.

తర్వాత ఆ చేపను తుడిచారు. పొట్ట పక్కన, కింది రెక్క దగ్గర ఒక సూది గుచ్చారు. సూదిలోంచి గాలి. పొట్ట కొద్దిగా ఉబ్బి, గుడ్లు వాటంతట అవే ధారగా బక్కెట్లో పడ్డాయి. ఉడికిన సగ్గుబియ్యం గింజంత గుడ్డు, పండిన బొప్పాయి రంగు. నిమిషంలో అయిపోయింది. చేప బతికే ఉంది.

నా సందేహాలు: గుడ్డు ఇంకా పండని పచ్చి చేపలకు ఇంజెక్షన్ చేసి ఆ రాత్రికే గుడ్లు ఎందుకు తీయరు? వారం వారం పట్టి చూసి వదలడమేమిటి? గాలి సూది ఎందుకు, మనలా చేత్తో పిండితే రావా? అడిగితే చెప్పేవాళ్ళే, నాకే ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలిసినవాళ్ళు విడమరిచి రాయండి.

ఆకివీడు సీడ్:

బాబాయ్ గారూ, మీరు రాసింది చదువుతుంటే కళ్ళకు కట్టినట్టుంది. ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఒక చేపకు ఎన్ని గుడ్లు? మన రోహు కిలో బరువుకు రెండు లక్షలకు పైనే పెడుతుంది. సాయంత్రం ఇంజెక్షన్ ఇస్తే తెల్లారేసరికి గుడ్లు, మర్నాటికి పొదుగు, నాలుగో రోజు స్పాన్, అంటే ఆ చిట్టి పిల్లల్ని, గిన్నెలతో కొలిచి అమ్మేస్తాం. వీళ్ళు ఒక్కో చేపను వారానికోసారి పట్టి తడమడం, వదలడం చూస్తుంటే కూలి గిట్టుతుందా అనిపిస్తోంది.

చెరువు డాక్టర్:

గట్టు గారూ, చదివినంతవరకు చెప్తాను. చేత్తో చేసినవాళ్ళు తప్పులుంటే దిద్దండి.

స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి. ఏటిలోనే ఉండిపోతే రెయిన్‌బో, సముద్రానికి పోయి పెరిగి వస్తే స్టీల్‌హెడ్. మన నీలగిరుల్లో, మున్నార్‌లో, కశ్మీర్లో పెంచే రెయిన్‌బో ట్రౌట్‌కు ఇది సొంత అక్కే అనుకోండి. 1870లలోనే కాలిఫోర్నియాలో మెక్‌క్లౌడ్ నది ఒడ్డున వీటి గుడ్లు తీసి దూరప్రాంతాలకు పంపడం మొదలుపెట్టారు.

ఇంజెక్షన్ సంగతి. మన బొచ్చె, రోహులకు వరద కావాలి. కొత్త నీరు, ప్రవాహం తగిలితేనే వాటి మెదడు కింది గ్రంథి హార్మోన్ వదులుతుంది. చెరువులో ఆ వరద రాదు. గుడ్డు తయారై ఉంటుంది, దిగదు. అందుకే 1957 జులై 10న హీరాలాల్ చౌధురి గారు ఆ గ్రంథి, పిట్యూటరీ, రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే మనం జాతీయ చేపల రైతుల దినంగా చేసుకుంటున్నాం. స్టీల్‌హెడ్‌కు ఆ ఇబ్బంది లేదు. అది తన ప్రవాహాన్ని తానే ఈదుకుంటూ వచ్చింది. చల్లని పారే నీళ్ళలో దాని గుడ్డు దానంతట అదే పండుతుంది. కాకపోతే ఒక్కో తల్లికి ఒక్కో రోజు. ఒకటి జనవరిలో పండితే, పక్కన ఉన్నది మార్చిలో. పండకముందు తీస్తే గుడ్డు ఫలించదు, పండి ఎక్కువ రోజులైతే పొట్టలోనే పాడవుతుంది. అందుకే ఆ అమ్మాయి వేళ్ళతో వారం వారం అడుగుతోంది, నీ రోజు వచ్చిందా అని.

ఆకివీడు తమ్ముడూ, నీ లెక్కకు జవాబు: ఒక తల్లికి సుమారు 5 వేల గుడ్లు. మన రోహు గుడ్డు పధ్నాలుగు నుంచి ఇరవై గంటల్లో పొదుగుతుంది. దీనికి 10 డిగ్రీల నీళ్ళలో నెల రోజులు పడుతుంది. నింబస్ లక్ష్యం ఏడాదికి 4,30,000 ఏడాది వయసు పిల్లలు. నష్టాలు తీసేస్తే నూట యాభై మంచి తల్లులు చాలనుకుంటా, ఈ లెక్క నాది. నీ దగ్గర ఒక్క తల్లిచేప చచ్చిపోతే ఇంకోటి తెస్తావు. అక్కడ ఆ ఏడు సముద్రం నుంచి ఎక్కి వచ్చినవి తప్ప వేరే లేవు.

క్లియర్‌వాటర్:

చాలా రోజుల తర్వాత ఈ వేదికలో నాకు తెలిసిన విషయం వచ్చింది. మాది గుడివాడ. ఐడహోలో చేపల శాస్త్రం చదువుతున్నాను. రెండు వసంతాలు స్టీల్‌హెడ్ గుడ్లు తీసే స్పానింగ్ గదిలో వాలంటీరుగా నిలబడ్డాను. కాస్త పొడవుగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మా వైపు పెద్ద హేచరీ డ్వోర్‌షాక్, అహ్సాకా అనే చిన్న ఊళ్ళో ఉంది. 1969 నుంచి నడుస్తోంది. పక్కనే క్లియర్‌వాటర్ నది ఉత్తర పాయ మీద డ్వోర్‌షాక్ డ్యామ్, 717 అడుగులు, అంటే దాదాపు 218 మీటర్లు. మన నాగార్జునసాగర్ 124 మీటర్లు. ఇంత ఎత్తు గోడకు చేపల మెట్లు పెట్టలేదు. పైనున్న ఉపనదులన్నీ ఆ చేపలకు శాశ్వతంగా మూసుకుపోయాయి. ఆ పాయ చేపలు చాలా పెద్దవి. ఎక్కువ భాగం రెండేళ్ళు సముద్రంలో ఉండి, అయిదారు కిలోలై వస్తాయి. ఆ వంశం పోకూడదని హేచరీ కట్టారు. ఇక్కడి ఆదివాసులైన నెజ్ పర్స్ తెగవాళ్ళకు ఇది ప్రాణంతో ముడిపడిన సంగతి. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1855 ఒప్పందంలోనే, ఎప్పటినుంచో పట్టే చోట్ల చేపలు పట్టుకునే హక్కు తమకు ఉంచుకున్నారు. హేచరీ పనిలో వాళ్ళది పెద్ద పాత్ర.

సముద్రం నుంచి మా దగ్గరకు దాదాపు 800 కిలోమీటర్లు. దారిలో ఎనిమిది ఆనకట్టలు: బోనవిల్, డాలెస్, జాన్ డే, మెక్‌నరీ, ఐస్ హార్బర్, లోవర్ మాన్యుమెంటల్, లిటిల్ గూస్, లోవర్ గ్రానైట్. వీటన్నిటికీ మెట్లున్నాయి, ఎక్కి వస్తాయి. శరత్కాలంలో నదిలోకి వచ్చిన చేప చలికాలమంతా అక్కడే గడిపి, వసంతంలో గుడ్లు పెడుతుంది. ఆ నెలలన్నీ మేత దాదాపు ముట్టదు. అంటే గట్టు గారూ, మీరు చూసే తల్లి పొట్టలో గుడ్లున్నాయి, ఒంట్లో మిగిలిన కొవ్వుంది, అంతే. దాన్ని ఎన్నిసార్లు పట్టుకుంటే అంత అలుపు. అందుకే మత్తు లేకుండా తాకనివ్వరు. కొన్నిచోట్ల కార్బన్ డయాక్సైడు, కొన్నిచోట్ల లవంగ నూనెలో ఉండే యూజెనాల్, కొన్నిచోట్ల తక్కువ కరెంటు. ట్రైకేన్ అనే మందు కూడా వాడతారు గానీ, అది వాడిన చేపను 21 రోజుల దాకా ఎవరూ తినకూడదు.

గాలి సూది విషయం. చేత్తో పిండితే కూడా గుడ్లు వస్తాయి. కానీ గట్టిగా నొక్కితే లోపలి అవయవాలు నలుగుతాయి, కొన్ని గుడ్లు చిట్లుతాయి. చిట్లిన గుడ్డు సొన మిగతా గుడ్ల చుట్టూ చేరి, వాటి మీదున్న సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. మగచేప పాలు, అంటే వీర్యం, లోపలికి పోయేది ఆ రంధ్రంలోంచే. గాలి అయితే రెండు మూడు పీఎస్‌ఐ ఒత్తిడి చాలు, అన్ని వైపులా సమంగా తోస్తుంది. అయ్యాక పొట్ట నిమిరి మిగిలిన గాలి బయటికి పంపాలి. మరిచిపోతే చేప తిరగబడి తేలుతుంది.

అన్ని హేచరీలూ ఇలా బతికించవు. చాలాచోట్ల చంపి, పొట్ట కోసి తీస్తారు. గుడ్లు ఒక్కటి మిగలకుండా వస్తాయి, మూత్రపిండం తీసి రోగ పరీక్ష చేయొచ్చు, ముక్కులో పెట్టిన మిల్లీమీటరు తీగ ట్యాగ్ తీసి ఎప్పుడు ఎక్కడ వదిలిన చేపో చదవొచ్చు. రోగభయం ఊరికే కాదు. 1980లలో డ్వోర్‌షాక్‌లో ఐహెచ్‌ఎన్ వైరస్‌తో పిల్లలు పెద్ద ఎత్తున పోయాయి. అప్పటి నుంచి ప్రతి తల్లి గుడ్లూ వేరే, ప్రతి తల్లికీ నంబరు, పరీక్ష ఫలితం వచ్చేదాకా కలపడం లేదు. నా వరకు నాకు బతికించి పంపే పద్ధతే ఇష్టం. కారణం తర్వాత రాస్తాను, ల్యాబుకు వెళ్ళాలి.

ధవళేశ్వరం:

అందరూ గోదారిని మర్చిపోయారు. మాకూ ఇలాంటి చేప ఉంది కదండీ. సముద్రంలో విలస, గోదాట్లోకి ఎదురెక్కితే పులస. ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో, జులై నుంచి సెప్టెంబర్ దాకా మా రేవులో ఒక్క పులస పడితే ఆ కబురు వలకంటే ముందు ఊళ్ళోకి చేరుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ, ఇప్పుడు పుస్తెలమ్మినా దొరకడం లేదు.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. మా జిల్లాల అన్నం ఆ ఆనకట్ట వల్లే, ఆయన విగ్రహానికి మేం ఇప్పటికీ దండ వేస్తాం. అది వేరే. కానీ ఆ గోడ దగ్గరికొచ్చి ఆగిపోయే పులసకి మనం ఏం బదులిచ్చాం? అమెరికావాళ్ళు డ్యామ్ కట్టి, దాని పక్కనే హేచరీ కట్టారు. మనకి ఆ ఆలోచన ఎందుకు రాలేదు? నింబస్ పద్ధతి పులసకి పనికిరాదా? మా నాన్నగారు పడవ మీద బతికిన మనిషి. ఆయన ఉన్నంతకాలం ఇదే అడిగేవారు.

చెరువు డాక్టర్:

ధవళేశ్వరం గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. చిక్కు చేపలోనే ఉంది. పులస ఒడ్డుకు తీయగానే ప్రాణం వదిలేస్తుంది. పొలుసులు చేతికి ఊడొస్తాయి. స్టీల్‌హెడ్‌లా వారం వారం పట్టి తడిమి వదలడం దాంతో కుదిరే పని కాదు. నదిలో పట్టిన, గుడ్డు పండిన చేపల గుడ్లు అక్కడికక్కడే పడవ మీద తీసి, పొదిగించి పిల్లలు చేశారు మన శాస్త్రవేత్తలు. తల్లిచేపల్ని చెరువులో ఏళ్ళ తరబడి నిలబెట్టడమే పెద్ద కష్టం. గంగ మీద ఫరక్కా బరాజ్, 1975లోది, అక్కడా ఇదే కథ. బారక్‌పూర్‌లోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు ఫరక్కా కింద పట్టిన హిల్సాలను, అంటే మన పులస జాతినే, పైకి తీసుకెళ్ళి వదులుతున్నారు, కొన్నింటికి ట్యాగులు వేసి మరీ. గోదావరి మీద కూడా అలాంటిది కావాలని గట్టిగా అడగాల్సింది మనమే.

సియాటిల్ అమ్మ:

నేను చేపలు పెంచే మనిషిని కాను. పిల్లల్ని తీసుకుని ఏటా ఇక్కడ హేచరీ చూపించడానికి వెళ్తాను. మొదటిసారి సాల్మన్‌ను చంపి పొట్ట కోయడం చూసి మా చిన్నది రెండు రోజులు చేప ముట్టలేదు. గుడ్లు పెట్టాక ఎలాగూ చచ్చిపోతాయి కన్నా అని చెప్పాను. మరి స్టీల్‌హెడ్ చావదు అంటున్నారు కదా, చంపడం ఎందుకు అని ఇప్పుడు అదే నన్ను అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి, ఏ చేప హేచరీదో ఏది నదిదో చూడగానే ఎలా తెలుస్తుంది?

క్లియర్‌వాటర్:

అక్కా, రెండో ప్రశ్న సులువు, ముందు అది. వీపు మీద, తోకకు కాస్త ముందు ఒక చిన్న మెత్తటి రెక్క ఉంటుంది, ఎముక లేని కొవ్వు రెక్క. కాలిఫోర్నియాలో హేచరీలో పెరిగిన ప్రతి స్టీల్‌హెడ్‌కూ చిన్నప్పుడే దాన్ని కత్తిరించేస్తారు. ఆ రెక్క లేకపోతే హేచరీ పిల్ల, ఉంటే నదిలో పుట్టింది. గాలం వేసేవాళ్ళు కూడా అది చూసే ఉంచుకోవాలో వదలాలో తేల్చుకుంటారు. గట్టు గారు మెట్ల పైన చూసేవాటిలో రెక్క ఉన్న చేప కనిపిస్తే, దాన్ని పక్కకు తీసి నదికి పంపేస్తారు.

మీ పాప అడిగినదానికి: సాల్మన్‌కు ఆ దారి ఒక్కసారే. స్టీల్‌హెడ్ గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోగలదు, మళ్ళీ రాగలదు. గుడ్లు పెట్టి ఎముకల గూడులా మిగిలిన చేపను కెల్ట్ అంటారు. మా వైపు ఎనిమిది ఆనకట్టలు దిగి సముద్రం చేరి మళ్ళీ వచ్చేవి బహు తక్కువ. అందుకని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రాసర్ దగ్గర యాకమా తెగవాళ్ళు, మా దగ్గర నెజ్ పర్స్ వాళ్ళు, ఈ కెల్ట్‌లను పట్టి తొట్టెల్లో పెట్టి, ముందు క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటివి, తర్వాత గుళికల మేత పెట్టి కోలుకునేలా చేసి, మళ్ళీ గుడ్లు పట్టేలోపు నదిలో వదులుతున్నారు. బాలింతకు పథ్యం పెట్టినట్టే. మొదట రోజుల తరబడి మేత వంక చూడవు. ఒకటి నోరు తెరిచి క్రిల్ అందుకున్న రోజు, ఆ తొట్టి చూసుకునే పెద్దావిడ మా అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. నాకు బతికించే పద్ధతి ఎందుకు ఇష్టమో ఇప్పుడు అర్థమయ్యుంటుంది. మీ పాపకు ఇది చెప్పండి.

నేను చేసిన తప్పు ఒకటి రాస్తాను, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పనికొస్తుంది. గుడ్లు తీసేటప్పుడు బక్కెట్, చెయ్యి, చేప అన్నీ పొడిగా ఉండాలి. ఒక్క చుక్క నీరు తగిలినా గుడ్డు నీళ్ళు తాగడం మొదలుపెట్టి, ఆ రంధ్రం నిమిషం రెండు నిమిషాల్లో మూసుకుపోతుంది. పాల సంగతీ అంతే. నీళ్ళు తగలనంతసేపు అందులో కదలికే ఉండదు, తగిలాక అర నిమిషం చురుగ్గా ఈది ఆగిపోతుంది. అందుకే ముందు గుడ్లు, వాటి మీద పాలు, మెల్లగా కలిపి, అప్పుడే నీళ్ళు పోస్తారు. మొదటి ఏడాది నేను వర్షపు కోటు వేసుకుని చేప పట్టుకున్నాను. మోచేతి దగ్గర మడతలో నిలిచిన నీళ్ళు బక్కెట్లోకి కారాయి. నేను చూశాను. చెప్పాలంటే బెరుకు వేసింది, చెప్పలేదు.

గుడ్లను గంటసేపు అయోడిన్ నీళ్ళలో గట్టిపడనిచ్చి ట్రేలలో పెట్టారు. రెండో రోజు దాటాక, కళ్ళు కనిపించేదాకా ట్రే కదపకూడదు, కదిపితే చచ్చిపోతాయి. పద్దెనిమిది రోజులకు గుడ్డులో రెండు నల్ల చుక్కలు, కళ్ళు, కనిపిస్తాయి. అప్పుడు గుడ్లను ఎత్తు నుంచి బక్కెట్లో పోసి కుదుపుతారు. ఫలించనివి ఆ దెబ్బకు తెల్లబడతాయి, ఏరేస్తారు. నా ట్రే తెరిస్తే ముప్పాతిక భాగం తెలుపు. 800 కిలోమీటర్లు వచ్చిన తల్లి. ఆ రోజు సాయంత్రం మా పెద్దాయనకు జరిగింది చెప్పాను. తిట్టలేదు. మర్నాడు తుడిచే తువ్వాళ్ళ పని నాకే అప్పగించి, ప్రతి చేపనూ నేను తుడిచాకే టేబుల్ మీదికి తీసుకున్నాడు. ఆ సీజనంతా.

ఆకివీడు సీడ్:

తమ్ముడూ, ఆ ట్రే సంగతి చదివాక మొన్న నేను కూలి గిట్టుతుందా అని అడిగినందుకు బాధేసింది. తల్లికో ట్రే, తల్లికో నంబరు అన్నావు చూడు, అది ఇంకాస్త రాయి. మగచేపల్ని ఎలా ఎంచుతారు? పెద్దవే తీస్తారా?

క్లియర్‌వాటర్:

లేదన్నా, అక్కడే అసలు కిటుకు. పెద్దవీ లావువీ ఏరుకోరు. సీజన్ మొదట వచ్చినవి, మధ్యలో వచ్చినవి, చివర్లో ఈడ్చుకుంటూ వచ్చినవి, అన్నింటి నుంచీ తీస్తారు. వీలైనంత వరకు ఒక తల్లికి ఒక తండ్రి. ఏదో ఒక్క నెలలో వచ్చినవాటితోనే కోటా నింపేస్తే, కొన్ని తరాలకు మిగతా నెలల్లో వచ్చే చేపలే ఉండవు. మా స్నేక్ నది పరివాహకంలో 2008 నుంచి హేచరీలో వాడిన ప్రతి తల్లిదండ్రుల రెక్కలోంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ దాచుతున్నారు. ఎక్కడో దిగువన ఒక చేప దొరికితే, దాని రెక్క ముక్క చూసి దీని అమ్మానాన్నలు ఏ హేచరీలో ఏ ఏడు కలిశారో చెప్పేయొచ్చు. ఆ చేపకు విడిగా ట్యాగ్ వేయక్కర్లేదు.

చెరువు డాక్టర్:

ఇంత జాగ్రత్త పడ్డా హేచరీకి ఒక లోటు ఉంది, అది కూడా రాయాలి. ఒరెగాన్‌లో హుడ్ నది స్టీల్‌హెడ్ మీద 2007లో వచ్చిన అధ్యయనం ఉంది. తొట్టెల్లో పెరిగిన ఒక్కో తరానికీ, ఆ చేపలు నదిలో వదిలితే పిల్లల్ని కని నిలబెట్టే శక్తి దాదాపు 40 శాతం చొప్పున తగ్గుతోందని తేలింది. డీఎన్ఏతో వంశవృక్షం గీసి మరీ చూశారు. తొట్టిలో మేత పైనుంచి పడుతుంది, కొంగ లేదు, వరద లేదు. అక్కడ బాగా బతికేది నదిలో బాగా బతకాలని లేదు.

నింబస్ సంగతే చూడండి. అక్కడి స్టీల్‌హెడ్ వంశం ఉత్తర తీరంలోని ఈల్ నది నుంచి తెచ్చింది. 1998లో సెంట్రల్ వ్యాలీ స్టీల్‌హెడ్‌ను అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో చేర్చినప్పుడు, నింబస్ చేపల్ని ఆ లెక్కలోకి తీసుకోలేదు, ఇవి ఈ లోయవి కావని. గట్టు గారు చూసిన పనితనానికి నేనూ దండం పెడతాను. కానీ ఏ నది చేప ఆ నదికే ఉండాలన్న ఆలోచన 1950లలో లేకపోవడం ఎంత పనిచేసిందో చూడండి. పైగా పిల్లగా ఉన్నప్పుడు ఏ నీటి వాసన పట్టిందో ఆ వాసన వెతుక్కుంటూనే తిరిగొస్తుంది ఈ చేప.

ధవళేశ్వరం:

డాక్టర్ గారూ, అందుకే పులసకి ఏదైనా చేస్తే మా గోదారి చేపతోనే చెయ్యాలండి. గంగ నుంచి పిల్లల్ని తెచ్చి వదిలితే నేను మొదట అడ్డం నిలబడతాను.

ఆకివీడు సీడ్:

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. పదేళ్ళుగా అవే తల్లిచేపలు, వాటి పిల్లల్లోంచి ఏరిన తల్లులు. గుడ్లు పెట్టించే పూల్‌లో బొచ్చె, రోహు ఒకేసారి వదిలిన రోజులున్నాయి, తొందర కొద్దీ. రెండేళ్ళ కింద ఒక రైతు వచ్చి, నీ సీడ్ పన్నెండు నెలలైనా కిలో దాటలేదు, సగం బొచ్చె మొహం సగం రోహు ఒళ్ళు అని పిల్లను చేతిలో పెట్టి చూపించాడు. మేత బాగోలేదన్నాను. మేతది కాదు తప్పు. నాకు అప్పుడే తెలుసు.

చెరువు డాక్టర్:

ఒప్పుకున్నావు, సంతోషం. నువ్వు ఒక్కడివే కాదు, చాలా హేచరీల్లో ఉన్న జబ్బే ఇది. దారి కూడా ఉంది. జయంతి రోహు విన్నావుగా, త్వరగా పెరిగేలా మెరుగుపరిచిన రకం, భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా వాళ్ళది, 1997లో విడుదలైంది. అది సాల్మన్, ట్రౌట్‌ల మీద పనిచేసిన నార్వేవాళ్ళతో కలిసి చేసిన పనే. గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదుల రోహులు తెచ్చి, కుటుంబాలు వేరువేరుగా పెంచి, ఒక్కో పిల్ల ఒంట్లో మిషన్‌తో నంబరు చదవగలిగే బియ్యపు గింజంత పిట్ ట్యాగ్ పెట్టి లెక్క రాశారు. క్లియర్‌వాటర్ చెప్పిన నంబర్ల పద్ధతి మన రోహు దగ్గరికి ఎప్పుడో వచ్చింది. మన హేచరీల గేటు దగ్గరే ఆగిపోయింది.

కొల్లేటి గట్టు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాలుగు వారాలు వరసగా వెళ్ళాను. ఇప్పుడు అక్కడివాళ్ళు నన్ను గుర్తుపడుతున్నారు. మా మనవడు మధ్యలో నిలబడి మాట్లాడి పెట్టాడు. నేనూ చేపల మనిషినేనని చెప్పగానే ఆ అమ్మాయి చేతి తొడుగు తీసి చెయ్యి కలిపింది.

ఒక సంగతి చెప్పింది. 2014 కరువులో ఫోల్సమ్ రిజర్వాయర్ అడుగంటి నీళ్ళు వేడెక్కబోతుంటే, పిల్లలు తొట్టెల్లోనే చచ్చిపోతాయని వేళ కాకముందే వాటిని నదిలో వదిలేశారట. అప్పటికి తను స్కూల్లో ఉందట, విని హేచరీలో చేరాలనుకుందట. మన దగ్గర మే నెలలో కరెంటు పోయి, నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగిన రాత్రులు గుర్తొచ్చాయి నాకు.

నిన్న చూసింది రాస్తాను. మొదటి రోజు పచ్చిగా ఉందని జార్చేసిన ఆరింటిలో ఒకటేనని నా నమ్మకం, ఎడమ చెంప మీద పాత గాటు ఉంది. నిన్న దాని పొట్ట తడమగానే అమ్మాయి నా వంక చూసింది. తుడిచారు, నేను తువ్వాలు వైపే చూస్తున్నాను క్లియర్‌వాటర్ బాబూ, రెండుసార్లు తుడిచారు. గుడ్లు పూర్తిగా దిగాక పొట్ట నిమిరి గాలి తీశారు. మంచి నీళ్ళలో పెట్టారు. మొప్పలు ముందు అరకొరగా, తర్వాత ఒక లయలో ఆడాయి. అయిదారు నిమిషాలకు నిలదొక్కుకుని తోక విసిరింది. గొట్టంలోంచి నదిలోకి వదిలారు. పొట్ట వేలాడుతూ, చర్మం ముడతలు పడి, బాలింతలాగే ఉంది. మొదట ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడింది. తర్వాత పక్కకు వాలి, తల కిందివైపు, సముద్రం వైపు తిప్పుకుంది. మా మనవడు గట్టు వెంట కాసేపు దానితోపాటు నడిచాడు.

ముప్పై రెండేళ్ళలో గుడ్లు తీశాక ఒక్క తల్లినైనా అలా ఆగి చూడలేదు నేను. సంపులో పడేసి తర్వాతి చేపకు చేయి చాచేవాణ్ణి.

ఆకివీడు సీడ్:

బాబాయ్ గారూ, పిట్ ట్యాగులు, చదివే మిషనూ ఎక్కడ దొరుకుతాయో డాక్టర్ గారిని అడిగి తెప్పించాను. అరవై ట్యాగులు. పాత తల్లుల్లో సగం తీసేశాను. గోదావరి జాలర్లతో మాట్లాడి నదిలో పట్టిన బొచ్చెలు పన్నెండు తెచ్చాను, రెండు దారిలో పోయాయి. ఈ జూన్ నుంచి బొచ్చె ఒక రోజు, రోహు ఒక రోజు, పూల్ కడిగి ఆరబెట్టాకే రెండోది. ట్యాగ్ ఎక్కడ గుచ్చాలి, వీపు కండలోనా పొట్టలోనా?

క్లియర్‌వాటర్:

తల్లిచేపకైతే వీపు రెక్క మొదట్లో కండలో, అన్నా. గుడ్లు తీసే చేప కాబట్టి పొట్టలో వద్దు, గుడ్లతో పాటు బయటికొచ్చేస్తుంది. సూదిని ఒక్కో చేపకూ ఆల్కహాల్‌లో ముంచి తీయండి. గుచ్చిన వెంటనే మిషన్‌తో చదివి, నంబరు పుస్తకంలో రాశాకే చేపను వదలండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే ఆ నంబరు ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఆకివీడు సీడ్:

ఇవాళ మొదలుపెట్టాం. మొదటి పేజీ మొదటి గడి: గోదావరి బొచ్చె, ఆడ, 6 కిలోల 200 గ్రాములు, కుడి మొప్ప మీద చిన్న మచ్చ. తువ్వాలు మా ఆవిడ పట్టుకుంది.